డిగ్రీ విద్యార్థుల ముంగిట ఇంటర్న్‌షిప్‌లు: అవకాశానికీ అందుబాటుకూ నడుమ దూరం తగ్గాలి

ఉన్నత విద్య పూర్తి చేసిన యువతకు ఉపాధి కల్పించడం ఎంత ముఖ్యమో, విద్యాభ్యాస కాలంలోనే వారికి పని ప్రదేశాన్ని పరిచయం చేయడం కూడా అంతే ముఖ్యమన్న భావన ఇటీవలి సంవత్సరాలలో విధాన రూపం సంతరించుకొంది. ఒకప్పుడు వైద్యం, ఇంజనీరింగ్, బోధన వంటి వృత్తి విద్యా కోర్సులకే పరిమితమైన క్షేత్రస్థాయి శిక్షణ నేడు బీఏ, బీకాం, బీఎస్సీ విద్యార్థులకు కూడా విస్తరించింది. కేంద్ర ప్రభుత్వ పథకాలు, రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్ల నిబంధనలు, ప్రభుత్వరంగ బ్యాంకుల ప్రకటనలు కలిసి సాధారణ డిగ్రీ విద్యార్థి ముందు మునుపెన్నడూ లేనన్ని మార్గాలను తెరిచాయి.

అయితే అవకాశాన్ని ప్రకటించినంత మాత్రాన అది విద్యార్థికి అందినట్లు కాదు. మండల కేంద్రంలోని కళాశాలకు పల్లె నుంచి బస్సులో వచ్చి చదువుకునే విద్యార్థికీ, మహానగరంలోని సంస్థకూ మధ్య దూరం, ఖర్చు, సమాచార లోపం, పత్రాల కొరత అనే నాలుగు అవరోధాలు ఉన్నాయి. వీటిని గుర్తించి తొలగించినప్పుడే పథకాల లక్ష్యం నెరవేరుతుంది. ఈ నేపథ్యంలో అందుబాటులో ఉన్న మార్గాలను, వాటి నియమాలను, విద్యార్థులు తీసుకోవలసిన జాగ్రత్తలను పరిశీలించడం అవసరం.

ఇంటర్న్‌షిప్ వేరు - అప్రెంటిస్‌షిప్ వేరు

ఈ రెండు పదాలను చాలామంది ఒకే అర్థంలో వాడుతున్నారు. ఫలితంగా అర్హత లేని పథకానికి దరఖాస్తు చేసి నిరాశ చెందేవారు, అర్హత ఉన్న పథకం గురించి తెలియక అవకాశాన్ని జారవిడుచుకునేవారు కనిపిస్తున్నారు.

ఇంటర్న్‌షిప్ అనేది ప్రధానంగా చదువులో భాగం. చదువుతున్న కాలంలోనే కొన్ని వారాలు లేదా ఒక సెమిస్టరు పాటు ఒక సంస్థలో పని నేర్చుకోవడం, దానికి కళాశాల క్రెడిట్లు ఇవ్వడం ఇందులోని పద్ధతి. స్టైపెండ్ ఉండవచ్చు, లేకపోవచ్చు. అప్రెంటిస్‌షిప్ అలా కాదు. అది 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం పరిధిలోనిది. శిక్షణార్థికీ సంస్థకూ మధ్య ఒప్పందం కుదిరి, అది నమోదు కావాలి. నిర్ణీత స్టైపెండ్ తప్పనిసరి. శిక్షణ కాలంలో ప్రమాదం సంభవిస్తే పరిహారం చెల్లించవలసిన బాధ్యతను సైతం చట్టం యజమానిపై ఉంచింది.

తొలుత కార్ఖానాలలోని వృత్తి పనివారికే వర్తించిన ఈ చట్టాన్ని 1973లో సవరించి ఇంజనీరింగ్ పట్టభద్రులకు, డిప్లొమా పూర్తి చేసినవారికి వర్తింపజేశారు. 1986లో వృత్తి విద్యా ఇంటర్మీడియట్ పూర్తి చేసినవారు కూడా ఈ పరిధిలోకి వచ్చారు. 2014లో జరిగిన సవరణతో ఇంజనీరింగేతర పట్టభద్రులకు సైతం తలుపులు తెరుచుకున్నాయి. అంటే చరిత్ర, తెలుగు సాహిత్యం, వాణిజ్యశాస్త్రం చదివినవారు కూడా నేడు అప్రెంటిస్ కావచ్చు. చట్టం మారి దశాబ్దం దాటినప్పటికీ ఈ సంగతి గ్రామీణ ప్రాంత పట్టభద్రులలో చాలామందికి నేటికీ తెలియకపోవడం గమనార్హం.

చదువులోనే పది నెలల శిక్షణ

సాధారణ డిగ్రీలో క్షేత్రస్థాయి శిక్షణను తప్పనిసరి చేసిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో నిలిచింది. 2020-21 విద్యా సంవత్సరంలో డిగ్రీ కోర్సులలో చేరిన విద్యార్థులతో ఈ విధానం ఆరంభమైంది. మొదటి సంవత్సరం అనంతరం రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో సంవత్సరం అనంతరం రెండు నెలల స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, మూడో సంవత్సరంలో ఒక పూర్తి సెమిస్టరు ఇంటర్న్‌షిప్, వెరసి పది నెలలు. అనంతర కాలంలో పాఠ్య ప్రణాళికలో మార్పులు జరిగాయి. అందువల్ల తమ బ్యాచ్‌కు వర్తించే నిబంధన ఏమిటో విద్యార్థులు తమ కళాశాలలోనే నిర్ధారించుకోవడం మంచిది.

ఈ విధానంలో మొదటి మెట్టు సామాజిక సేవా ప్రాజెక్టు. విద్యార్థి తన ఊరిలోనో, సమీప ఆవాసంలోనో ఇంటింటికీ తిరిగి సామాజిక, ఆర్థిక సర్వే జరపడం, ఒక సమస్యను ఎంచుకొని అధ్యయనం చేయడం, ప్రజలకు అవగాహన కల్పించడం, చివరకు నివేదిక సమర్పించడం ఇందులోని అంశాలు. దీనిని మార్కుల కోసం పూర్తి చేసే తంతుగా చూసేవారున్నారు. నిజానికి ప్రశ్నావళి తయారు చేయడం, అపరిచితులతో మాట్లాడి వివరాలు రాబట్టడం, వాటిని పట్టికలుగా కూర్చి నిర్ధారణకు రావడం అనేవి ఏ కార్యాలయంలోనైనా విలువ గల నైపుణ్యాలు. ఒక ఊరిలోని వంద కుటుంబాల తాగునీటి పరిస్థితిని స్వయంగా నమోదు చేసిన బీఏ విద్యార్థి, ఆ పనిని తన అర్హతల వివరాలలో స్పష్టంగా పేర్కొంటే ఉద్యోగ మౌఖిక పరీక్షలో చెప్పుకోవడానికి తనకంటూ ఒక అంశం ఉంటుంది.

జాతీయ స్థాయిలోనూ ఇదే దిశగా అడుగులు పడ్డాయి. డిగ్రీ కోర్సులలో అప్రెంటిస్‌షిప్‌ను, ఇంటర్న్‌షిప్‌ను అంతర్భాగం చేయడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2020లో మార్గదర్శకాలు వెలువరించింది. తెలంగాణలోని కొన్ని డిగ్రీ కళాశాలలలో ప్రవేశపెట్టిన బీబీఏ రిటైలింగ్ వంటి కోర్సులు తరగతి గదిని, దుకాణాన్ని ఒకే కాలపట్టికలోకి తీసుకువచ్చాయి. పనికి స్టైపెండ్ లభించడం వల్ల చదువు మధ్యలో ఆపివేయవలసిన కుటుంబాల విద్యార్థులకు ఇటువంటి కోర్సులు ఊరటనిస్తాయి.

అంకెలు చెబుతున్న వాస్తవం

2024-25 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం దేశవ్యాప్తంగా ఆసక్తి రేకెత్తించింది. ఐదేళ్లలో 500 అగ్రశ్రేణి కంపెనీలలో కోటి మంది యువతకు అవకాశం కల్పించడం దీని ధ్యేయం. 2024 అక్టోబరు 3న ప్రయోగాత్మక దశ ప్రారంభమైంది. ప్రారంభించిన నాటి నిబంధనల ప్రకారం శిక్షణ కాలం 12 నెలలు. నెలకు 5,000 రూపాయల సహాయంలో 4,500 రూపాయలు ప్రభుత్వం, 500 రూపాయలు కంపెనీ చెల్లిస్తాయి. చేరే సమయంలో ఒకసారి 6,000 రూపాయలు అదనం. 21 నుంచి 24 ఏళ్ల మధ్య వయసు, 8 లక్షల రూపాయలు మించని కుటుంబ వార్షికాదాయం అర్హతలుగా నిర్ణయించారు. పూర్తికాల విద్యార్థులను, పూర్తికాల ఉద్యోగులను మినహాయించారు. అంటే ఇది చదువుతున్నవారి కోసం గాక, చదువు ముగించి పని కోసం చూస్తున్నవారి కోసం రూపొందినది.

మొదటి విడతలో సుమారు 280 కంపెనీలు 1.27 లక్షలకు పైగా అవకాశాలను ప్రకటించగా, సుమారు 1.81 లక్షల మంది దరఖాస్తు చేశారు. కంపెనీలు 82 వేలకు పైగా ప్రతిపాదనలు పంపాయి. వాటిలో దాదాపు 28 వేల ప్రతిపాదనలను అభ్యర్థులు అంగీకరించారు. చివరకు శిక్షణలో చేరినవారు సుమారు 8,700 మంది. అనగా ప్రకటించిన ప్రతి వంద అవకాశాలకు చేరినవారు ఏడుగురి లోపే.

ఈ అంకెలను యువతలో శ్రద్ధ లేదన్న నిర్ధారణకు ఆధారంగా తీసుకోవడం సరికాదు. లక్షా ఎనభై వేల మంది దరఖాస్తు చేశారంటే ఆసక్తికి కొరత లేదన్నమాట. పని ప్రదేశం ఇంటికి దూరంగా ఉండటం, ఇతర నైపుణ్య శిక్షణలతో పోలిస్తే కాలపరిమితి ఎక్కువ కావడం, ఇచ్చిన పని అభిరుచికి సరిపడకపోవడం ప్రధాన కారణాలుగా వెల్లడయ్యాయి. మరో జిల్లాకో, రాష్ట్రానికో వెళ్లి గది అద్దె, భోజనం, ప్రయాణ ఖర్చులను నెలకు 5,000 రూపాయలతో భరించడం సామాన్య కుటుంబానికి సాధ్యం కాదు. ఆ లోటును ఇంటి నుంచి పూరించగలిగినవారే చేరగలుగుతారు. ఎవరి కోసం పథకం ఉద్దేశించబడిందో వారే వెనుకబడే ప్రమాదం ఇక్కడ ఉంది. అందువల్ల ప్రకటించిన అవకాశాల సంఖ్య కంటే, అవి ఏ ఊరిలో ఉన్నాయన్నదే కీలకమైన ప్రశ్న.

చట్టబద్ధమైన మార్గం

డిగ్రీ పూర్తి చేసినవారికి జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం మరో ముఖ్యమైన మార్గం. కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలో నాలుగు ప్రాంతీయ మండళ్లు దీనిని అమలు చేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి పరిధిలోకి వస్తాయి. 2021-22 నుంచి 2025-26 వరకు ఐదేళ్ల కాలానికి ఈ పథకానికి కేంద్రం 3,054 కోట్ల రూపాయలు కేటాయించింది.

2019లో సవరించిన నియమాల ప్రకారం 30 లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. కాంట్రాక్టు సిబ్బందితో సహా మొత్తం సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లు ఉండాలి. ఉదాహరణకు 200 మంది పనిచేసే సంస్థలో కనీసం ఐదుగురు, గరిష్ఠంగా 30 మంది అప్రెంటిస్‌లు ఉండవలసి ఉంటుంది. జిల్లా కేంద్రాలలోని ఆసుపత్రులు, పెద్ద వస్త్ర దుకాణాలు, ఆహారశుద్ధి పరిశ్రమలలో పలు సంస్థల సిబ్బంది 30కి మించే ఉంటుంది. కనుక ఈ నియమం మహానగరాలకే పరిమితం కాదు. నలుగురు, అంతకు మించి సిబ్బంది ఉన్న చిన్న సంస్థలు సైతం ఇష్టానుసారం అప్రెంటిస్‌లను తీసుకోవచ్చు.

2019 నియమాలు పట్టభద్రులకు నెలకు 9,000 రూపాయల కనీస స్టైపెండ్‌ను నిర్ణయించాయి. ఈ పథకం కింద కనీస స్టైపెండ్‌లో సగాన్ని కేంద్రం భరిస్తుంది. 2025 మే నెలలో జరిగిన కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సమావేశం స్టైపెండ్‌ను 36 శాతం మేర పెంచవలసిందిగా సిఫార్సు చేసింది. ఏడాది శిక్షణ పూర్తి చేసినవారికి ప్రాంతీయ మండలి ప్రావీణ్య ధ్రువపత్రం జారీ చేస్తుంది.

ఈ విషయంలో విద్యార్థులు రెండు అంశాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, శిక్షణ పూర్తయ్యాక అదే సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన చట్టంలో లేదు. రెండోది, ఒకసారి ఏడాది అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవారు, ఏడాది లేదా అంతకు మించి ఉద్యోగానుభవం ఉన్నవారు సాధారణంగా మరలా అర్హులు కారు. కనుక మొదట దొరికిన చోట చేరిపోకుండా, నేర్చుకోదగిన పని ఎక్కడ ఉందో విచారించి నిర్ణయం తీసుకోవడం శ్రేయస్కరం.

మాతృభాషే అదనపు అర్హత

ప్రభుత్వరంగ బ్యాంకులు ఇటీవలి సంవత్సరాలలో ఏ డిగ్రీ చదివినవారినైనా అప్రెంటిస్‌లుగా తీసుకుంటున్నాయి. భారతీయ స్టేట్ బ్యాంకు 2023లో దేశవ్యాప్తంగా 6,160 అప్రెంటిస్ స్థానాలకు ప్రకటన జారీ చేసింది. నెలకు 15,000 రూపాయల స్టైపెండ్‌ను ప్రకటించింది. అభ్యర్థి ఏ రాష్ట్రానికి దరఖాస్తు చేస్తే ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడటం, అర్థం చేసుకోవడం వచ్చి ఉండాలన్నది ఇటువంటి ప్రకటనలలోని నిబంధన. పదో తరగతిలోనో, ఇంటర్మీడియట్‌లోనో ఆ భాషను చదివినట్లు మార్కుల పత్రం చూపినవారికి భాషా పరీక్ష నుంచి మినహాయింపు ఉంటుంది.

తెలుగు మాధ్యమంలో చదివినందుకు న్యూనతకు లోనయ్యే విద్యార్థులు ఈ నిబంధనను ప్రత్యేకంగా గమనించాలి. పల్లె శాఖలో ఖాతాదారునికి బీమా పత్రంలోని షరతును అర్థమయ్యేలా తెలుగులో వివరించగలగడం ఆ ఉద్యోగానికి అవసరమైన నైపుణ్యం. ఆంగ్లం నేర్చుకోవడం ఎంత అవసరమో, చేతిలో ఉన్న ఈ బలాన్ని గుర్తించడం కూడా అంతే అవసరం. రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థలు, హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు సైతం ఎప్పటికప్పుడు అప్రెంటిస్ ప్రకటనలు ఇస్తున్నాయి. వీటిని పత్రికలలో, ఆయా సంస్థల అధికారిక ప్రకటనలలో క్రమం తప్పక చూడటం అలవాటు చేసుకోవాలి.

ఇంటికి దగ్గరలోనే పని ప్రదేశం

ఇంటర్న్‌షిప్ అనగానే హైదరాబాదు, బెంగళూరు నగరాలలోని సాఫ్ట్‌వేర్ కార్యాలయాలే స్ఫురించడం సహజం. అయితే సాధారణ డిగ్రీ విద్యార్థికి ఉపకరించే పని ప్రదేశాలు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. బీకాం విద్యార్థికి ఆడిటరు కార్యాలయం, సహకార బ్యాంకు, వ్యవసాయ మార్కెట్ కమిటీ, బియ్యం మిల్లు లెక్కల విభాగం. బీఎస్సీ విద్యార్థికి పాల శీతలీకరణ కేంద్రం, నేల పరీక్షా కేంద్రం, ఆక్వా ప్రయోగశాల, వ్యాధి నిర్ధారణ కేంద్రం. బీఏ విద్యార్థికి పురపాలక కార్యాలయం, గ్రంథాలయం, స్థానిక పత్రిక, స్వచ్ఛంద సంస్థ, చేనేత సహకార సంఘం. వీటిలో చాలా చోట్ల చేతినిండా పని ఉంటుంది. నేర్పడానికి పెద్దలు కూడా సిద్ధంగా ఉంటారు. కావలసిందల్లా ఎవరో ఒకరు వెళ్లి అడగడం.

అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. కళాశాల ప్రిన్సిపాల్ సంతకంతో కూడిన పరిచయ లేఖ, తాను చదివిన అంశాలు, ఎన్ని వారాలు పనిచేయగలడు, ఏ పని నేర్చుకోదలచాడు అన్న వివరాలతో ఒక పుట మించని దరఖాస్తు చాలు. సెలవులు మొదలయ్యాక గాక, రెండు నెలల ముందే సంప్రదించాలి. చేరిన తరువాత ఏ రోజు ఏ పని చేశారో దినచర్య పుస్తకంలో రాసుకొని, వారానికి ఒకసారి పర్యవేక్షకుని సంతకం తీసుకోవాలి. ముగింపులో ఇచ్చే ధ్రువపత్రంలో హాజరైన కాలంతో పాటు చేసిన పని వివరాలు కూడా ఉండేలా చూసుకోవాలి.

విద్యార్థినుల విషయంలో ప్రయాణం, భద్రత తల్లిదండ్రులను ఆలోచింపజేస్తాయి. పని ప్రదేశాలలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం శిక్షణార్థులకు, అప్రెంటిస్‌లకు కూడా వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థల విషయంలో జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. విద్యార్థినులను పంపే ముందు కమిటీ వివరాలను సంస్థ నుంచి లిఖితపూర్వకంగా తీసుకోవడం కళాశాలల కనీస బాధ్యత.

కొనుక్కున్న పత్రం అనుభవం కాదు

ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కావడంతో రుసుము చెల్లిస్తే ధ్రువపత్రం ఇస్తామనే ప్రకటనలు కూడా పుట్టుకొచ్చాయి. కొన్ని వీడియోలు చూపి, నాలుగు ప్రశ్నలు అడిగి, రెండు నెలల అనుభవం ఉన్నట్లు పత్రం ఇచ్చే పద్ధతి వల్ల విద్యార్థికి డబ్బు నష్టం, కాల నష్టం. ఆ పత్రం కళాశాల రికార్డులో స్థానం సంపాదించవచ్చు గానీ, “ఆ రెండు నెలలూ ఏం చేశారు?” అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు.

మోసాన్ని గుర్తించడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. చేరడానికి ముందే రిజిస్ట్రేషన్ రుసుమో, డిపాజిట్టో అడగడం. సంస్థ చిరునామా, పర్యవేక్షకుని పేరు చెప్పకపోవడం. ఉద్యోగం ఖాయమని హామీ ఇవ్వడం. వెంటనే చెల్లించకపోతే అవకాశం పోతుందని తొందరపెట్టడం వీటిలో ముఖ్యమైనవి. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకానికి గానీ, జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకంలో పేరు నమోదుకు గానీ దరఖాస్తు రుసుము లేదు. నమోదు చేయిస్తామంటూ డబ్బు అడిగే మధ్యవర్తులను ఆశ్రయించవలసిన అవసరం లేదు.

పత్రాలు సిద్ధంగా ఉండాలి

అవకాశం వచ్చాక పత్రాల కోసం తిరుగుతూ గడువు కోల్పోయేవారు అనేకులు. ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ పదో తరగతి ధ్రువపత్రంతో సరిపోలాలి. బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి. 2024 జులై నుంచి జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకంలో ప్రభుత్వ వాటాను నేరుగా శిక్షణార్థి ఖాతాలో జమ చేసే విధానం ఆరంభమైనందున ఇది మరింత అవసరం. ఆదాయ, కుల ధ్రువపత్రాలు, మార్కుల పత్రాలు, నిత్యం వాడే ఫోను నంబరు, ఇ-మెయిల్ మొదటి సంవత్సరంలోనే సిద్ధం చేసుకుంటే చివరి నిమిషపు హడావుడి తప్పుతుంది.

కళాశాలల పాత్ర

విద్యార్థి ఒంటరిగా దాటలేని దూరాన్ని కళాశాల దాటించగలదు. చుట్టుపక్కల ఇరవై, ముప్పై కిలోమీటర్ల పరిధిలోని సంస్థల జాబితా తయారు చేయడం, ప్రతి విభాగంలో ఒక అధ్యాపకునికి ఆ బాధ్యత అప్పగించడం, అధ్యాపకుడు శిక్షణ స్థలాన్ని ఒక్కసారైనా సందర్శించడం, మునుపటి బ్యాచ్ విద్యార్థుల అనుభవాలను నమోదు చేసి తరువాతి వారికి అందించడం పెద్ద వ్యయం లేని పనులు. ఏ సంస్థలో నిజంగా పని నేర్పారో, ఎక్కడ కేవలం హాజరు వేయించుకొని పంపారో తెలిస్తే, మరుసటి ఏడాది జాబితా దానంతటదే మెరుగుపడుతుంది. స్థానిక వర్తక సంఘాలు, పరిశ్రమల ప్రతినిధులు, పూర్వ విద్యార్థులు ఇందుకు సహకరించవలసి ఉంది.

ఏ పథకం విజయాన్నైనా ప్రకటించిన స్థానాలతో గాక, శిక్షణ పూర్తి చేసి పని నేర్చుకున్నవారి సంఖ్యతో కొలవాలి. 1.27 లక్షల అవకాశాలు 8,700 మంది దగ్గర ఆగిన అనుభవం విధాన రూపకర్తలకు, కళాశాలలకు, సంస్థలకు ఒకే విషయం చెబుతోంది. అవకాశం విద్యార్థి ఉన్న చోటికి చేరువ కావాలి. విద్యార్థి కూడా సమాచారంతో, పత్రాలతో, అడిగే చొరవతో ఒక అడుగు ముందుకు వేయాలి. ఈ రెండూ కలిసిన నాడు మండల కేంద్రంలోని డిగ్రీ విద్యార్థి పట్టాతో పాటు పనితనాన్ని కూడా చేతపట్టుకొని కళాశాల గడప దాటగలుగుతాడు.